మంత్రిగారి భార్య కాకముందు దుర్గాబాయమ్మ

బెంగళూరు శివాజీనగర్ బస్టాండు దగ్గర దిగి ఎవరిని అడిగినా బౌరింగ్ ఆసుపత్రికి దారి చూపిస్తారు. బోర్డు మీద పేరు ఇంకా పొడుగు: బౌరింగ్ అండ్ లేడీ కర్జన్ ఆసుపత్రి. ఆ లేడీ కర్జన్ వైస్రాయి కర్జన్ గారి భార్య. మార్కెట్టు వైపు వస్తే విక్టోరియా పక్కనే వాణీవిలాస ఆసుపత్రి. అది మైసూరు మహారాణి గారి పేరు. ఇంకా వెనక్కి పోతే, 1885లో అప్పటి వైస్రాయి భార్య లేడీ డఫరిన్ మన దేశపు ఆడవాళ్లకు ఆడ డాక్టర్లు కావాలని ఒక నిధి పెట్టింది. అవన్నీ మంచి పనులే, కాదనం. మా ఇంట్లోనే ఇద్దరు వాణీవిలాసలో పుట్టినవాళ్లు ఉన్నారు.

కానీ ఇందులో ఒక వాడుక ఉంది. అధికారం భర్తది, ధర్మకార్యం భార్యది. రాజులు పోయి, దొరలు పోయి, మన ప్రభుత్వం వచ్చాక కూడా చాలా జిల్లాల్లో మహిళా సమాజానికి కలెక్టరు గారి భార్యే అధ్యక్షురాలు. కలెక్టరుకు బదిలీ అయితే అధ్యక్షురాలూ మారిపోతుంది. కుట్టు మిషన్లు పంచిన ఫోటో మాత్రం గోడ మీద ఉంటుంది.

దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు చెప్పగానే మనవాళ్లలో చాలామంది ఆమెను కూడా ఈ వరసలోనే కూర్చోబెడతారు. మా కన్నడ మీడియం పుస్తకాల్లో కిత్తూరు చెన్నమ్మ ఉండేది, ఒనకె ఓబవ్వ ఉండేది, ఈమె లేదు. పెద్దయ్యాక ఎక్కడో ఒక వాక్యం కనబడింది: ఆర్థిక మంత్రి సి.డి. దేశ్‌ముఖ్ గారి సతీమణి, సంఘ సంక్షేమ బోర్డు అధ్యక్షురాలు. తారీఖులు చూస్తే ఆ అనుమానం ఇంకా గట్టిపడుతుంది. పెళ్లి 1953 జనవరి 22న. కేంద్ర సంఘ సంక్షేమ బోర్డు అదే సంవత్సరం ఆగస్టులో. ఇంకేముంది, మంత్రిగారి భార్యకు ఒక బోర్డు ఇచ్చారు అనుకోవడం సులభం.

ఆ అనుకోవడం తప్పు. ఎందుకు తప్పో చెప్పాలంటే పెళ్లికి ముప్పై ఏళ్లు వెనక్కి, కాకినాడకు పోవాలి.

ఆమె 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టింది, పెరిగింది కాకినాడలో. 8 ఏళ్లకే పెళ్లి చేశారు. ఊహ తెలిశాక ఆ పెళ్లిలో ఉండనని చెప్పి బయటికి వచ్చింది. పుట్టింటివాళ్లు ఆమె పక్కన నిలబడ్డారు, అది ఆ రోజుల్లో చిన్న మాట కాదు. ఇంగ్లీషు చదువు వద్దని బడి మానేసి, తాను నేర్చుకున్న హిందీని ఇతర ఆడపిల్లలకు నేర్పడానికి ఒక పాఠశాల పెట్టింది. అప్పటికి తనే ఇంకా పిల్ల.

1921లో గాంధీగారు కాకినాడ వస్తున్నారని తెలిసి, దేవదాసీలు, ఘోషా పాటించే ముస్లిం స్త్రీలు ఆయనను కలుసుకునేలా ఏర్పాటు చేయాలని పట్టుబట్టింది. 5,000 రూపాయల నిధి ఇస్తే కాసేపు సమయం ఇప్పిస్తామన్నారట పెద్దలు. ఆ దేవదాసీ స్త్రీలే ఆ డబ్బు పోగుచేశారు. సభలో గాంధీగారి హిందీ మాటలను తెలుగులో చెప్పింది ఈ పన్నెండేళ్ల పిల్లే. 1923 కాకినాడ కాంగ్రెసులో ఖద్దరు ప్రదర్శన గేటు దగ్గర టిక్కెట్టు లేదని నెహ్రూను ఆపేసిన కథ అందరికీ తెలిసిందే. ఆ కథనే అందరూ చెబుతారు, నెహ్రూ ఉన్నాడు కదా! మాకు మాత్రం దేవదాసీల కథే పెద్దదిగా కనిపిస్తుంది. ఊళ్లో ఎవరినైతే పెళ్లిళ్లకు పిలిచి ఇంట్లోకి మాత్రం రానివ్వరో, వాళ్లను వెతుక్కుంటూ పోయింది.

ఉప్పు సత్యాగ్రహంతో మొదలుపెట్టి 1930, 1933 మధ్య మూడుసార్లు జైలుకు పోయింది. మధురై జైల్లో ఏకాంత నిర్బంధంలో ఉంచారు. ఆరోగ్యం పాడైంది. జైళ్లలో ఆమె చూసిన ఆడఖైదీల్లో చాలామందికి చదువు లేదు, తమ మీద కేసేమిటో, కోర్టులో తమ తరఫున ఎవరేం మాట్లాడారో కూడా తెలియదు. లాయరు చదువు చదవాలన్న కోరిక అక్కడే పుట్టింది.

చదవాలంటే ముందు మెట్రిక్ కావాలి కదా. ఇరవై దాటిన ఆడమనిషిని ఏ హైస్కూలు చిన్నపిల్లల పక్కన కూర్చోబెట్టుకుంటుంది? బనారస్ హిందూ విశ్వవిద్యాలయం ప్రైవేటుగా మెట్రిక్ రాయనిచ్చేది. ఆ దారి పట్టుకుంది. మెట్రిక్ తరువాత ఇంటర్మీడియట్, ఆ తరువాత వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం. అక్కడ వైస్ ఛాన్సలరు కట్టమంచి రామలింగారెడ్డి గారు. మా మైసూరు రాజ్యంలో విద్యాశాఖను నడిపిన మనిషే, ఇక్కడి పాతవాళ్లకు తెలిసిన పేరు. ఆడపిల్లలకు హాస్టలు లేదన్నది అక్కడ అడ్డం. హాస్టలు లేక చదువు ఆగినవాళ్లు ఎవరైనా ఉంటే రండి అని ఈమె పత్రికలో ప్రకటన వేయించి, వచ్చినవాళ్లతోనే హాస్టలు మొదలుపెట్టించింది. బి.ఏ. ఆనర్సు, ఎం.ఏ. అయ్యాయి. 1942కు మద్రాసులో లా పూర్తయి, వకీలు అయింది.

మేము చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. ఫారం అంతా సరిగ్గా నింపేవాళ్లకు ఏ సాఫ్ట్‌వేరైనా పనిచేస్తుంది. ఒక గడి ఖాళీగా ఉన్న మనిషి వచ్చినప్పుడు ఏమవుతుందో చూడడమే మా పని. మన దేశపు చదువుల ఏర్పాటులో అలాంటి ఖాళీ గడి ఒకటుంది: చిన్నప్పుడు బడి మానిపించి పెళ్లి చేసిన ఆడమనిషి, పాతికేళ్లకు మళ్లీ చదువుతానంటే ఎక్కడ చేరాలి? దుర్గాబాయమ్మ ఆ గడిలో తానే ఇరుక్కుని బయటికి వచ్చిన మనిషి. అందుకే ఆమెకు అది కనబడింది.

ఇప్పుడు మద్రాసు సంగతి. మైలాపూరులో ఉంటున్న రోజుల్లో ఇరుగుపొరుగు పిల్లలకు హిందీ చెప్పేది. ఆ పిల్లల గుంపుకు లిటిల్ లేడీస్ ఆఫ్ బృందావన్ అని పేరు. పిల్లల వెనకే వాళ్ల అక్కలు, పిన్నమ్మలు, వయసు దాటి బడిలో చేరలేనివాళ్లు వచ్చారు. తాను పోయిన బనారస్ మెట్రిక్ దారిలోనే వాళ్లనూ నడిపించింది. అదే 1937లో ఆంధ్ర మహిళా సభ అయింది. అప్పటికి తన డిగ్రీ కూడా పూర్తి కాలేదు. సభకు తరువాత ప్రసూతి ఆసుపత్రి వచ్చింది, నర్సుల శిక్షణ వచ్చింది, చేతిపనులు వచ్చాయి, ఆంధ్ర మహిళ అని పత్రిక వచ్చింది. మొదలు మాత్రం ఆ పరీక్ష చదువే.

ఇక్కడ మనలాంటివాళ్లు గమనించాల్సింది ఒకటుంది. కాకినాడ తెలుగు ఆడమనిషి, తమిళుల మైలాపూరులో కూర్చుని, హిందీ చెప్పి, కాశీలోని విశ్వవిద్యాలయం పరీక్షకు పిల్లలను తయారు చేసింది. సభ పేరులో ఆంధ్ర ఉంది. కానీ సర్టిఫికెట్టు ఏ భాష దారిలో దొరికితే ఆ దారి. చింతామణి తాలూకాలో ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, ఆఫీసులో ఇంగ్లీషు అని బతికిన మాకు ఈ లెక్క ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు.

స్వాతంత్ర్యం ముందూ వెనకా ఆమె రాజ్యాంగ సభలో ఉంది. ఆ సభలో ఉన్న 15 మంది స్త్రీలలో ఒకరు. రాజ్యసభకు పోటీ చేసే వయసు 35 నుంచి 30కి తగ్గించాలని సవరణ పెట్టింది ఆమే, అది నిలిచింది. 1952 ఎన్నికల్లో మాత్రం ఓడిపోయింది. ఓడిన తరువాత ప్రణాళికా సంఘంలోకి తీసుకున్నారు. మొదటి పంచవర్ష ప్రణాళికలో స్వచ్ఛంద సంస్థల సహాయానికి 4 కోట్ల రూపాయలు పెట్టారు. ఆ డబ్బు ఎవరికి, ఎలా చేరాలన్న ప్రశ్నకు జవాబుగా వచ్చిందే సంక్షేమ బోర్డు. దానికి అధ్యక్షురాలు కావడానికి ఆమెకు మంత్రి భార్య అన్న అర్హత అవసరం లేదు, 16 ఏళ్లుగా సభ నడిపిన అనుభవం చేతిలో ఉంది.

ఆ 1953 మనకు ఇంకో విధంగానూ గుర్తే. పొట్టి శ్రీరాములు గారు మైలాపూరులోనే, బులుసు సాంబమూర్తి గారి ఇంట్లో నిరాహారదీక్ష చేసి 1952 డిసెంబరు 15న చనిపోయారు. మరుసటి అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, మద్రాసు రాలేదు. మద్రాసు మనదే అని తిరిగినవాళ్లు కర్నూలుకు సామాను సర్దుకున్నారు. ఆంధ్ర మహిళా సభ సర్దుకోలేదు. మద్రాసు శాఖ మద్రాసులోనే ఉంది, హైదరాబాదులో తరువాత వేరుగా పెరిగింది. పోలియో వచ్చిన పిల్లలకు ఎముకల ఆసుపత్రి మద్రాసులోనే సభ కింద నడిచింది. వచ్చే పిల్లవాడి ఇంటి భాష ఏమిటని అడగడానికి అది రాష్ట్రాల విభజన కమిషను కాదు కదా. అడయారు వంతెన వైపు పోతే దుర్గాబాయి దేశ్‌ముఖ్ రోడ్డు అని ఇప్పటికీ ఉంది.

తమాషా ఏమంటే భర్త కథ కూడా ఒక నగరం దగ్గరే మలుపు తిరిగింది. చింతామణ్ ద్వారకానాథ్ దేశ్‌ముఖ్ మరాఠీ మనిషి, ఐ.సి.ఎస్., రిజర్వు బ్యాంకుకు మొదటి భారతీయ గవర్నరు, నోట్ల మీద సంతకం పెట్టినవాడు, సంస్కృత పండితుడు. 1950 నుంచి ఆర్థిక మంత్రి. బొంబాయిని మహారాష్ట్రకు ఇవ్వకుండా కేంద్ర పాలనలో ఉంచుతామన్నందుకు 1956లో మంత్రి పదవి వదిలేశారు. పెళ్లి నాటికి ఆయన భార్య పోయిన మనిషి, ఆమె చిన్ననాటి పెళ్లి వదులుకున్న మనిషి. సాక్షి సంతకం పెట్టినవాళ్లలో నెహ్రూ ఒకరు. చాలా ఏళ్ల తరువాత ఆమె రాసుకున్న ఆత్మకథకు పెట్టుకున్న పేరు చింతామణ్ అండ్ ఐ. పేరులో ఆయన ముందు, ఆమె వెనక. లోపల చదివితే సగం పైన ఆమె పనే. (చింతామణి మా తాలూకా పేరు కాబట్టి మా ఇంట్లో ఈ పుస్తకం పేరు వింటే నవ్వు వస్తుంది, అది వేరే సంగతి.)

ఆయన 1956లో దిగిపోయారని చెప్పాం కదా, ఆ తారీఖు పట్టుకోండి. వయసు మీరిన స్త్రీలకు సంక్షిప్త విద్యా కోర్సులు అని బోర్డు మొదలుపెట్టింది 1958లో. అంటే ఆమె మంత్రిగారి భార్య కాని కాలంలో. మొదట చెప్పిన అనుమానానికి ఇంతకంటే జవాబు అక్కరలేదు.

ఈ కోర్సు ఎలా పుట్టిందో కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే ఆమె చేసినవాటిలో మాకు అన్నిటికంటే గొప్పగా తోచేది ఇదే. 1954 నుంచి బోర్డు పల్లెల్లో సంక్షేమ విస్తరణ పథకాలు పెట్టింది. ఒక్కో పథకం కింద సుమారు 25 ఊళ్లు. బాలవాడి, కాన్పుల సహాయం, పెద్దవాళ్లకు అక్షరాలు, చేతిపని. వీటిని నడపడానికి గ్రామసేవిక కావాలి, బాలసేవిక కావాలి, మంత్రసాని పని నేర్చిన నర్సు కావాలి. డబ్బు ఉంది, పథకం ఉంది, ఆడమనిషి లేదు. పట్నంలో చదివిన అమ్మాయి పల్లెకు రాదు. పల్లెలో ఉన్న ఆడవాళ్లు ఆ శిక్షణల్లో చేరాలంటే మెట్రికో, కనీసం మిడిల్ స్కూలో అయి ఉండాలి, వాళ్లకు అది లేదు. మామూలుగా అయితే ఆఫీసులో ఏమంటారు? అర్హత గల అభ్యర్థులు దొరకలేదు అని ఫైలు మూసేస్తారు. దుర్గాబాయమ్మ అర్హతనే తయారు చేద్దామంది. విధవలు, భర్త వదిలేసినవాళ్లు, పేదవాళ్లు, ఎప్పుడో నాలుగో తరగతిలో ఆగిపోయినవాళ్లు, వీళ్లను ఒకచోట చేర్చి రెండేళ్లలో మెట్రిక్ వరకు లాగడం. స్థానిక సంస్థ నడుపుతుంది, బోర్డు గ్రాంటు ఇస్తుంది. మైలాపూరులో ఇరవై ఏళ్ల కింద తాను చేసిన పనికే ఈసారి దేశం అంతటా, ప్రభుత్వ డబ్బుతో.

మా అవ్వ చెల్లెలు, మేము చిన్నవ్వ అని పిలిచేవాళ్లం, అలాంటి తరగతిలో చదివిన మనిషి. పదిహేనేళ్లకు పెళ్లి, పంతొమ్మిదికి చంకలో బిడ్డతో పుట్టింటికి తిరిగి వచ్చింది. అన్న ఇంట్లో రాగి విసరడం, పేడ ఎత్తడం. 1960ల మొదట్లో ఎవరో చెప్పగా కోలారులో ఒక మహిళా సంస్థ నడిపే రెండేళ్ల తరగతికి పోయింది. బిడ్డను మా అవ్వ పెట్టుకుంది. తెలుగులో జాబు కూడా రాయరాని మనిషి, కన్నడంలో పరీక్ష రాసి పాసయింది. ఆ అంకపట్టి, మార్కుల కాగితాన్ని మేము ఇప్పటికీ అంకపట్టి అనే అంటాం, ప్లాస్టిక్ కవరులో పెట్టి మొన్న మొన్నటివరకు బీరువాలో దాచుకుంది. లెక్కల్లో 36. తరువాత బాలవాడి టీచరు అయింది. పిల్లలకు కన్నడ పాటలు నేర్పేది, కోపం వస్తే తెలుగులో తిట్టేది. కూతురును డిగ్రీ చదివించింది. ఆమె నోట దుర్గాబాయి పేరు మేము ఒక్కసారి కూడా వినలేదు. ఆ తరగతి ఎవరి ఆలోచనో ఆమెకు ఎవరూ చెప్పినట్టు లేదు. లేడీ కర్జన్ పేరు మాత్రం ఆమెకు తెలుసు!

అన్నీ పొగడ్తలే రాస్తే నమ్మకం కలగదు. బోర్డు పద్ధతి మీద విమర్శలు ఉన్నాయి, వాటిలో న్యాయమూ ఉంది. గ్రాంటు రావాలంటే రిజిస్టరైన సంస్థ ఉండాలి, లెక్కలు రాయాలి, దరఖాస్తు పెట్టాలి. ఇవి చేతనైన సంస్థలు పట్నాల్లో, పెద్దింటి ఆడవాళ్ల చేతుల్లో ఉండేవి. దాంతో డబ్బు పోవలసిన పల్లెకు ఆలస్యంగా పోయేది, కొన్నిటికి పోయేదే కాదు. మొదట్లో చెప్పిన కలెక్టరు భార్యల వాడుకను బోర్డు పూర్తిగా తెంచలేకపోయింది. ఇంకో విమర్శ మరీ లోతైనది: స్త్రీని సహాయం అందుకునే మనిషిగా చూశారు గానీ, పొలంలోనూ ఇంట్లోనూ సంపాదించి పెడుతున్న మనిషిగా చూడలేదని. ప్రణాళికలు ఆ చూపు మార్చుకుని స్త్రీలు, అభివృద్ధి అని విడిగా ఒక అధ్యాయం పెట్టుకోవడానికి ఆరో ప్రణాళిక దాకా, అంటే 1980 దాకా పట్టింది. కుట్టు, అల్లిక, అప్పడాలు అన్నచోట ఈ మాట నిజమే. సంక్షిప్త కోర్సు దగ్గర మాత్రం మేము ఒప్పుకోం. ఇచ్చిన దుప్పటి చిరిగిపోతుంది. అంకపట్టి చూపించి జీతం అడగవచ్చు, ఆ జీతం మా చిన్నవ్వ అడిగింది.

అదే 1958లో బాలికల, స్త్రీల చదువు మీద వేసిన జాతీయ సంఘానికి కూడా ఆమే అధ్యక్షురాలు. మరుసటి ఏడు నివేదిక వచ్చింది, స్త్రీ విద్యకు జాతీయ మండలి ఏర్పడింది. 1962లో ఢిల్లీలో సోషల్ డెవలప్‌మెంట్ కౌన్సిల్. 1975లో పద్మవిభూషణ్. ఈ పదవుల వరస ఎక్కడైనా దొరుకుతుంది కాబట్టి ఇంతటితో వదిలేస్తున్నాం.

చివరి రోజుల్లో భార్యాభర్తలిద్దరూ హైదరాబాదులో స్థిరపడ్డారు. విద్యానగర్‌లో సభ ఆసుపత్రి ఆమె పేరుతోనే ఉంది. మరాఠీ మనిషి తెలుగు ఊళ్లో చివరి కాలం గడిపాడు. మనం వేరే ఊళ్లలో ఉండిపోయినట్టే అనుకోండి. ఆమె 1981 మే 9న, ఆయన 1982 అక్టోబరు 2న, ఏడాదిన్నర తిరగకముందే.

ఆమె చూడకుండా పోయినది ఒకటుంది. 1953లో చైనాకు పోయినప్పుడు కుటుంబ న్యాయస్థానాలను చూసి వచ్చి, మొగుడూ పెళ్లాల తగాదాలు, పిల్లల పోషణ, మనోవర్తి కేసులకు మన దేశంలోనూ విడిగా కోర్టులు కావాలని అప్పటినుంచి చెబుతూ వచ్చింది. చట్టం 1984లో వచ్చింది, ఆమె పోయిన మూడేళ్లకు. బెంగళూరులో ఆ కోర్టులు సిద్దయ్య రోడ్డు న్యాయదేగులలో ఉన్నాయి. పొద్దున పదిన్నరకు పోతే వరండాలో కన్నడం, తెలుగు, తమిళం, ఉర్దూ అన్నీ వినబడతాయి. నోటీసు కాగితం పట్టుకుని, ఇందులో ఏం రాసుందో కాస్త చదివి చెప్పండమ్మా అని పక్కనున్న ఆమెను అడిగేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు.